బరువు మార్చుకునే కెటిల్‌బెల్ సొంతంగా చేయించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకే కెటిల్‌బెల్ ఉండాలి, దాని బరువు మాత్రం అవసరాన్ని బట్టి మారాలి అనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. కెటిల్‌బెల్ అంటే పైన పిడి ఉన్న ఇనుప గుండు. ఏది కొనాలో ఇక్కడ చెప్పడం లేదు. డ్రాయింగ్ గీసుకుని, దగ్గర్లోని లేత్ షాపులో ఎలా చేయించుకోవాలో చెబుతున్నాను. గుండ్రటి ఉక్కు డిస్కులు ఒకదాని కింద ఒకటి పేర్చి, కింది నుంచి ఒకే పెద్ద బోల్టుతో బిగించడం ఇందులోని పద్ధతి. డయల్ తిప్పితే బరువు మారే రకం కాదిది. ఎందుకు కాదన్నది ముందుముందు వస్తుంది.

ఇంట్లో ప్లేట్లు మార్చే డంబెల్ ఉంది. మళ్లీ ఇదెందుకు?

డంబెల్‌లో బరువు పిడికిలికి రెండు పక్కలా సమానంగా ఉంటుంది. కెటిల్‌బెల్‌లో అది పిడికి కింద వేలాడుతుంది. కాళ్ల మధ్యకు ఊపి, నడుము నుంచి ఒక్క విసురుతో ముందుకు పంపే స్వింగ్‌కు ఆ వేలాడటమే ఆధారం. డంబెల్‌ను ఒక చివర పట్టుకుని స్వింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. చెమట పట్టాక పట్టు జారుతుంది, ఎదురుగా టీవీ ఉంటుంది. మీరు స్వింగ్, క్లీన్ (ఊపి భుజం దాకా తేవడం), స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి తేవడం) లాంటివి చేయకుండా మోచేయి మడిచి ఎత్తే కర్ల్స్, తలపైకి నెట్టే ప్రెస్‌లు మాత్రమే చేసేవారైతే మీకు డంబెలే చాలు. ఈ ఖర్చు అనవసరం.

డిజైన్ మొదలుపెట్టే ముందు ఏం తేల్చుకోవాలి?

బరువు గురించి తర్వాత చూద్దాం. ముందు దీనితో ఏ వ్యాయామాలు చేస్తారో రాసుకోండి. ఎక్కువమంది ఈ పని వదిలేసి నేరుగా "32 కిలోల దాకా పోవాలి" అని మొదలుపెడతారు.

రెండు చేతుల స్వింగ్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది నుంచి నడుము దాకా ఎత్తడం) మాత్రమే అయితే బెల్ ఆకారం ఎలా ఉన్నా ఫర్వాలేదు. అది ఒంటికి ఎక్కడా తగలదు, కాళ్ల మధ్య పడితే చాలు. గోబ్లెట్ స్క్వాట్ కూడా చేస్తారంటే బెల్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుంటారు కాబట్టి అంచులు కోసుకోకూడదు. ఒంటిచేత్తో క్లీన్, ప్రెస్, స్నాచ్ చేసేవాళ్లకు కథ పూర్తిగా వేరు. బెల్ తిరిగొచ్చి ముంజేతి వెనకభాగం మీద వాలుతుంది, ప్రతిసారీ అక్కడే. అక్కడ పదునైన అంచో, బోల్టు తలో, కదిలే ప్లేటో ఉంటే వారంలో చెయ్యి కమిలిపోతుంది. పడుకున్నచోట నుంచి బెల్‌ను పైకెత్తి పట్టుకునే లేచి నిలబడే టర్కిష్ గెటప్‌లో బెల్ నిమిషం దాకా తలపైనే ఉంటుంది. ఆ సమయంలో లోపల ఏదైనా "టక్" మంటే మనసు వ్యాయామం మీద ఉండదు.

అందుకే ఈ డిజైన్‌లో నేను దేనికీ రాజీపడని సంగతి ఒకటే: బిగించాక లోపల ఏదీ కదలకూడదు. బరువు మార్చడానికి రెండు నిమిషాలు పట్టినా నష్టం లేదు.

ప్రామాణిక కొలతలంటూ ఉన్నాయా?

పోటీల్లో వాడే ఉక్కు కెటిల్‌బెల్‌కు ఉన్నాయి. గుండు వ్యాసం 210 మి.మీ., మొత్తం ఎత్తు 280 మి.మీ., పిడి మందం 35 మి.మీ. ఎనిమిది కిలోలదైనా ముప్పై రెండు కిలోలదైనా బయటి కొలతలు అవే, లోపలి బోలుతనం మారుతుంది. మామూలు పోత ఇనుము కెటిల్‌బెల్‌ మాత్రం బరువు పెరిగేకొద్దీ సైజు కూడా పెరుగుతుంది.

16, 24, 32 అనే మెట్లు రష్యా నుంచి వచ్చాయి. అక్కడి పాత తూకం పూడ్ అంటే 16.38 కిలోలు. ఒకటి, ఒకటిన్నర, రెండు పూడ్లను కిలోల్లోకి సర్దితే ఈ అంకెలొస్తాయి. సంతలో ధాన్యం తూచే తూకపు గుండ్లే అక్కడ వ్యాయామానికీ వాడేవారు.

మన డిజైన్ 210 గుండును అనుకరించదు. లేత్ షాపులో గోళాకారం చేయించడం కష్టం, ఖరీదు కూడా. మనది పొట్టి స్థూపం, వ్యాసం 180 మి.మీ.

ఎంత నుంచి ఎంత దాకా ఉండాలి? మెట్టు ఎంత?

నేను సూచించేది 10 నుంచి 24 కిలోలు, రెండేసి కిలోల మెట్టు. దుకాణంలో 16 తర్వాత 20, ఆపైన 24 అమ్ముతారు. స్వింగ్‌కు నాలుగు కిలోల పెరుగుదల నడుము తట్టుకుంటుంది. ఒంటిచేతి ప్రెస్‌కు 16 నుంచి 20 అంటే ఒకేసారి నాలుగోవంతు పెరిగినట్టు. భుజం అక్కడే ఆగిపోతుంది, నెలలు గడిచినా పైకి పోదు. అదే 18 చేతిలో ఉంటే దారి దొరుకుతుంది. బరువు మార్చే కెటిల్‌బెల్‌కు అసలు లాభం చోటు కలిసిరావడం కన్నా ఈ మధ్య మెట్లేనని నా అభిప్రాయం.

కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లు మామూలుగా 8 నుంచి 12, మగవాళ్లు 12 నుంచి 16 కిలోల మధ్య ఎంచుకుంటారు. 8 కిలోలో అంతకన్నా తక్కువో కావాలంటే దాన్ని విడిగా కొనుక్కోండి. చిన్నది ఎక్కడైనా దొరుకుతుంది. దాని కోసం ఈ డిజైన్‌ను పలచన చేయడం వృథా.

బోలు గుండు చేయించి ఇసుక నింపితే సరిపోదా?

లెక్క వేసి చూడండి. 210 మి.మీ. గోళంలో పట్టేది 4.85 లీటర్లు. పొడి ఇసుక లీటరు 1.6 కిలోలు తూగుతుంది, అంటే నిండుగా పోసినా 7.8 కిలోలు. నాలుగు మి.మీ. మందం గుండుకూ పిడికీ కలిపి ఇంకో ఐదారు కిలోలు వేసుకోండి. 13, 14 దగ్గర ఆగిపోతుంది. నీళ్లయితే ఇంకా అన్యాయం.

సిమెంటు కాంక్రీటు లీటరు 2.4 కిలోలు. 24 కిలోల కాంక్రీటు గుండు వ్యాసం 26.7 సెం.మీ. అవుతుంది. అది కాళ్ల మధ్య నుంచి పోయేసరికి తొడలకు తగులుతుంది. అదే బరువు పోత ఇనుములో 18.5 సెం.మీ.తో సరిపోతుంది.

షాట్ బ్లాస్టింగ్ యూనిట్లలో (లోహపు భాగాలను గుళ్లు చిమ్మి శుభ్రం చేసేచోట) వాడే ఉక్కు గుళ్లు బరువు పరంగా బాగానే ఉంటాయి, కానీ నిండుగా లేకపోతే లోపల అటూ ఇటూ దొర్లుతాయి. స్వింగ్ పైకి వెళ్లి ఆగే క్షణంలో గుళ్లు ఆలస్యంగా వచ్చి గుద్దుకుంటాయి. ఆ దెబ్బ మణికట్టుకు తెలుస్తుంది. సగం నింపినా కదలకుండా ఉండాలంటే పైన నురుగు స్పాంజి కుక్కాలి, బరువు మార్చినప్పుడల్లా గుళ్లు గరాటుతో పోయాలి. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ ఆలోచన మానుకోండి.

సీసం?

వద్దు. సీసం విషం. ఇంట్లో కరిగించడం మరీ ప్రమాదం. ఉక్కుతోనే పని జరుగుతున్నప్పుడు ఆ జోలికి పోనక్కర్లేదు.

సరే, అసలు డిజైన్ వివరంగా చెప్పండి.

ఒక మంచి కాకతాళీయం మీద ఇదంతా నిలబడింది. 180 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ డిస్కు బరువు దాదాపు సరిగ్గా 2 కిలోలు. ఘనపరిమాణం 254 ఘన సెం.మీ., ఉక్కు సాంద్రత 7.85. గుణిస్తే 1.998 వస్తుంది. మధ్యలో బోల్టుకు 17.5 మి.మీ. రంధ్రం కొడితే 20 గ్రాములు పోతాయి. అంటే మందం చూసి బరువు చెప్పేయొచ్చు: ఒక సెంటీమీటరు, రెండు కిలోలు.

పై పలక: 180 వ్యాసం, 25 మి.మీ. మందం. మధ్యలో ఎం16 (16 మి.మీ. బోల్టు పట్టే) మరలు నేరుగా పలకలోనే కొట్టించాలి. పైఅంచును లేత్ మీద 12 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రం చేయించాలి. పిడి దీనికే వెల్డ్ అవుతుంది. బరువు 4.8 కిలోల చుట్టూ వస్తుంది.

కింది పలక: 180 వ్యాసం, 20 మి.మీ. మందం. కింది వైపు నుంచి 26 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. లోతు గుంత, బోల్టు తల దిగడానికి. మిగిలిన 10 మి.మీ. మీద తల బిగుసుకుంటుంది. ఎం16 ఎలెన్ బోల్టు (తలలో కీ దూరే ఆరు మూలల గుంత ఉన్నది) తల ఎత్తు 16 మి.మీ. కాబట్టి 6 మి.మీ. బయటికి ఉంటుంది. దాని చుట్టూ 10 మి.మీ. రబ్బరు రింగు అతికిస్తే తల నేలకు తగలదు, బెల్ నిలబడటానికి పాదం కూడా అదే అవుతుంది. ఈ పలక దాదాపు 3.9 కిలోలు.

ఈ రెండు పలకలు, పిడి, బోల్టు కలిస్తే 10 కిలోలు. మధ్యలో ఒక డిస్కు పెడితే 12, రెండు పెడితే 14. ఏడు డిస్కులతో 24. అప్పుడు ఉక్కు భాగం ఎత్తు 115 మి.మీ. మాత్రమే.

బోల్టు పొడవు డిస్కులతో పాటు మారాలి, లేకపోతే చివర మిగిలిపోతుంది. పై పలకలో 20 మి.మీ. మర పట్టేలా లెక్కిస్తే డిస్కులు లేనప్పుడు 30 మి.మీ. బోల్టు, ఆ తర్వాత ఒక్కో డిస్కుకు పది చొప్పున 100 దాకా. అన్నీ బజార్లో దొరికే సైజులే. ఎనిమిది బోల్టులు, ఒక 14 మి.మీ. ఎలెన్ కీ ఒక డబ్బాలో వేసుకోండి. పొడవాటి స్టడ్ (తల లేని మర కడ్డీ) ఒకటి శాశ్వతంగా వేలాడదీసి కింద నట్టు బిగించే డిజైన్లు చూశాను. బరువు తగ్గించినప్పుడు ఆ స్టడ్ కిందికి పొడుచుకుని ఉంటుంది, బెల్ నేల మీద నిలబడదు, కాలికి తగిలితే గాయమే.

ఇంత బరువు ఒక్క బోల్టు మీద వేలాడదీయడం ప్రమాదం కాదా?

భయపడటం సహజమే, కానీ అంకెలు చూస్తే ధైర్యం వస్తుంది. గట్టి స్వింగ్‌లో బెల్ అడుగున సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. భుజం నుంచి దూరం 0.9 మీటర్లు. వృత్తంలో తిరగడానికి కావలసిన త్వరణం 17.8, దానికి గురుత్వం 9.8 కలిపితే 27.6. అంటే బెల్ తన బరువుకు 2.8 రెట్లు లాగుతుంది. 24 కిలోల బెల్ ఆ క్షణంలో చేతికి 67 కిలోలుగా తెలుస్తుంది.

8.8 గ్రేడ్ (బోల్టు ఎంత గట్టిదో చెప్పే అంకె) ఎం16 బోల్టు తొమ్మిది టన్నుల దాకా సాగకుండా నిలుస్తుంది. 67 కిలోలెక్కడ, తొమ్మిది టన్నులెక్కడ! ఎలెన్ బోల్టులు చాలావరకు 12.9 గ్రేడులో వస్తాయి, అవి ఇంకా గట్టివి. ఎం10 బోల్టు కూడా బలానికి చాలు. ఎం16 ఎందుకంటే, మర పెద్దదైతే పదేపదే విప్పి బిగించినా త్వరగా అరగదు.

బోల్టు తెగడం అసలు భయం కాదు, వదులవడమే భయం. 30 సెం.మీ. పొడవు కీతో, చివర 30 కిలోల బలం వేసి బిగిస్తే బోల్టులో సుమారు 2.8 టన్నుల బిగింపు పుడుతుంది. డిస్కులన్నీ ఆ బలంతో ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి. స్వింగ్‌లో వచ్చే 67 కిలోలు ఆ నొక్కుడు ముందు లెక్కలోకి రావు, అతుకు విడదు. చేత్తో తిప్పి వదిలేసిన బోల్టుకు మాత్రం ఏ రక్షణా లేదు. ప్రతి ఊపుకూ డిస్కులు అడ్డంగా జరుగుతాయి, అడ్డంగా జరిగే కదలికే మరను మెల్లగా విప్పుతుంది. యంత్రాల్లో నట్లు ఊడటానికీ ముఖ్య కారణం ఇదే.

చప్పుడు రాకుండా డిస్కుల మధ్య రబ్బరు షీటు పెట్టొచ్చా?

అందరికీ వచ్చే ఆలోచన, పెట్టకూడదు. రబ్బరు బిగింపు కింద నెమ్మదిగా నలిగి పలచబడుతుంది. ఈ రోజు బిగించిన 2.8 టన్నులు వారం తర్వాత ఉండవు. బోల్టు దారిలో ఉక్కు మీద ఉక్కే ఉండాలి. చప్పుడు వస్తోందంటే రబ్బరు తక్కువైందని కాదు, బిగింపు తక్కువైందని. లేదా డిస్కు చదునుగా లేదు. గ్యాస్ కటింగ్ చేసిన డిస్కులకు అంచున కరిగిన ఇనుము చుక్కలు మిగిలిపోతాయి, వేడికి పలక కాస్త వంగుతుంది కూడా. గాజు మీద పెట్టి ఒక పక్క నొక్కి చూడండి, ఊగితే వెనక్కి ఇచ్చేయండి. లేజర్ కటింగ్ అయితే ఈ బాధ తక్కువ. అయినా అంచులన్నీ ఆకురాయితో ఒకసారి రుద్దించాలి.

డిస్కులు తిరగకుండా ఏం చేయాలి?

కేంద్రానికి 60 మి.మీ. దూరంలో ప్రతి డిస్కుకూ 8 మి.మీ. రంధ్రం. అందులో పొట్టి పిన్ను కింది వైపు నుంచి కొట్టాలి: సగం మందం దాకా లోపల, 4 మి.మీ. బయట. పైసగం ఖాళీగా ఉంటుంది కాబట్టి పై డిస్కు పిన్ను అందులో దిగుతుంది. పై పలకకు పిన్ను మాత్రమే, కింది పలకకు రంధ్రం మాత్రమే. దీనితో అంచులన్నీ ఒకే వరసలో వస్తాయి, చేత్తో తడిమితే అతుకు గీతలే తెలుస్తాయి.

బోల్టు తల మీద, పలక మీద కలిసేలా నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది. మొదలుపెట్టే ముందు బెల్ తిప్పి ఆ గీత చూసుకోవడం అలవాటు చేసుకుంటే చాలు. బరువు మార్చినప్పుడు పాతది చెరిపి కొత్తది గీసుకోవాలి. మరకు అంటించే లాకింగ్ జిగురు మాత్రం తరచుగా విప్పే బోల్టుకు పనికిరాదు. నెలల తరబడి ఒకే బరువు వాడేవాళ్లు వేసుకోవచ్చు.

డయల్ తిప్పితే మారే రకం ఇంతకన్నా సుఖం కదా?

సుఖమే. కానీ ఆ డయల్ లోపల ఉండేవి చిన్న కొక్కేలు, పళ్లు, స్ప్రింగులు, వాటిలో కొన్ని ప్లాస్టిక్‌వి. అవి పూర్తిగా పట్టాయా లేదా అన్నది బయటికి కనిపించదు. 2025 జూన్‌లో అమెరికాలో బోఫ్లెక్స్ 552, 1090 మోడళ్ల డంబెల్స్‌ సుమారు 38 లక్షలు వెనక్కి పిలిపించారు. వాడుతుండగా ప్లేట్లు ఊడిపడుతున్నాయన్నది కారణం. అవి నెమ్మదిగా ఎత్తి దించే డంబెల్స్. కెటిల్‌బెల్‌ను విసురుతాం, ఆపుతాం, మళ్లీ విసురుతాం.

ఒకే సెషన్‌లో నాలుగుసార్లు బరువు మార్చేవాళ్లకు డయల్ రకం కొనడమే మేలు, నేల మీద పడేయకుండా జాగ్రత్తపడితే బాగానే పనిచేస్తాయి. ఇంట్లో కూర్చుని అలాంటి లాకు డిజైన్ చేద్దామంటే మాత్రం నా సలహా వద్దనే. పెద్ద కంపెనీలే తడబడిన చోటు అది.

పిడికి ఏ పైపు?

ఒక అంగుళం పైపు. పైపుల భారత ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం 25 మి.మీ. నామమాత్రపు సైజు పైపు బయటి వ్యాసం 33.7 మి.మీ. పోటీ కెటిల్‌బెల్ పిడికి దాదాపు సరిపోలే కొలత, ప్లంబింగ్ దుకాణంలో తేరగా దొరికినట్టే. హెవీ క్లాస్ తీసుకోండి, గోడ మందం 4 మి.మీ. ఉంటుంది. చిన్న చేతులవాళ్లకు ముప్పావు అంగుళం పైపు, 26.9 మి.మీ., హాయిగా ఉంటుంది కానీ భారీ బరువుతో వేళ్లలోకి దిగుతుంది.

ఒకటి గట్టిగా చెప్పాలి: జీఐ పైపు వద్దు, నల్ల ఎంఎస్ (పూత లేని మైల్డ్ స్టీల్) పైపే కావాలి. జీఐ మీద ఉండే జింకు పూత వెల్డింగ్ వేడికి పొగవుతుంది. అది పీల్చిన వెల్డర్‌కు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, అతుకూ సరిగా కుదరదు. షాపులో మిగిలిన జీఐ ముక్క చూపించి "ఇదే వేసేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి.

పైపును బెండింగ్ మెషిన్ మీద వంచాలి. లోపల ఇసుక కుక్కి వంచితే మూలల్లో నలగదు. పలకకూ పిడి అడుగుకూ మధ్య ఖాళీ 55 మి.మీ.. రెండు కాళ్లకూ చుట్టూ పూర్తి వెల్డ్ పడాలి, చుక్కలు పెట్టి వదలకూడదు. పలక 25 మి.మీ. మందం, పైపు 4 మి.మీ. కాబట్టి పలకను ముందు కాస్త వేడి చేయాలి. లేకపోతే వెల్డ్ పైపుకు పట్టుకుని పలక మీద ఊరికే కూర్చుంటుంది. మొత్తం డిజైన్‌లో నేను ఎక్కువ అనుమానంగా చూసేది ఈ అతుకునే. అనుభవమున్న వెల్డర్‌తో చేయించండి, పది రూపాయలు ఎక్కువైనా.

పిడికి పెయింట్ వేయాలా?

వేయొద్దు. మందపాటి పెయింట్ అరచేతి కాయలను పీకుతుంది. క్రోమ్ పూత చెమటకు జారుతుంది. ఎమెరీ పేపర్‌తో 80 నుంచి 220 దాకా రుద్ది ఉట్టి ఉక్కుగా వదిలేయడం మేలు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి రెండు రోజుల్లో తుప్పు ఛాయ కనిపిస్తుంది. వాడాక పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి కొబ్బరినూనె చుక్క రాసి మళ్లీ తుడిచేయండి. పలకలకు, డిస్కుల అంచులకు పౌడర్ కోటింగ్ వేయించొచ్చు. డిస్కులు ఒకదానికొకటి ఆనే ముఖాలకు మాత్రం వద్దు, కారణం రబ్బరు విషయంలో చెప్పిందే.

ముంజేతికి తగిలితే ఎలా? గుండ్రంగా లేదు కదా.

నిజమే, ఈ డిజైన్‌కున్న పెద్ద లోటు ఇదే. 12 మి.మీ. గుండ్రం అంచు వల్ల కోసుకోదు, కానీ గోళం ఆనినంత మెత్తగా ఆనదు. ఒంటిచేతి క్లీన్, స్నాచ్ మీ ప్రధాన వ్యాయామాలైతే మణికట్టు పైన పట్టీ వేసుకోవాల్సి రావచ్చు.

ఇంకో తేడా కూడా ఉంది. డిస్కులు కింద చేరుతాయి కాబట్టి బరువు పెరిగేకొద్దీ గురుత్వకేంద్రం పిడి నుంచి దూరం జరుగుతుంది. పది కిలోలప్పుడు తొమ్మిది సెం.మీ. చుట్టూ, ఇరవై నాలుగప్పుడు పన్నెండుకు పైన. పోటీ కెటిల్‌బెల్‌లో ఇది దాదాపు పదహారు. అందువల్ల మనది మణికట్టు మీద త్వరగా తిరుగుతుంది, మొదటి వారం కొత్తగా అనిపిస్తుంది. పోటీలకు సాధన చేసేవాళ్లు దీన్ని వాడకూడదు. వాళ్లకు 210 మి.మీ. గుండు రెండుగా విడిపోయి లోపల ప్లేట్లు బిగించే రకాలు తయారుగా దొరుకుతున్నాయి, ఖరీదైనా అవే సరి.

జిమ్ ప్లేట్లు ఇంట్లో ఉన్నాయి. పైపు టీతో పిడి చేసుకుంటే?

స్వింగ్‌కు మాత్రమే అయితే ఇంతకన్నా చవకైన దారి లేదు. నిలువు పైపు, పైన టీ (T ఆకారపు పైపు అతుకు), దానికి రెండు పక్కలా పిడి ముక్కలు, అడుగున ఫ్లాంజి (పైపు చివర బిగించే గుండ్రటి పలక). ప్లేట్లు ఫ్లాంజి మీద కూర్చుంటాయి, పైన క్లాంపు. ఇక్కడ వెల్డింగ్ లేదు కాబట్టి జీఐ అయినా నడుస్తుంది. మన దగ్గర మామూలు ప్లేట్ల రంధ్రం 28, 30 మి.మీ. ఉంటుంది. ముప్పావు అంగుళం పైపు అందులో దూరుతుంది, అంగుళం పైపు దూరదు. ప్లేట్ల మీద అచ్చు వేసిన అంకెను నమ్మకుండా కాటా మీద పెట్టి చూసుకోండి.

అమెరికాలో ఉన్న బంధువులు వీడియో చూసి అక్కడి ఫ్లాంజీ, టీ పంపిస్తామంటే వద్దనండి. అక్కడి పైపు మర ఎన్‌పీటీ, 60 డిగ్రీల కోణం. మనది బీఎస్‌పీ, 55 డిగ్రీలు. అంగుళం సైజులో వాళ్లది అంగుళానికి పదకొండున్నర చుట్లు, మనది పదకొండు. రెండు మూడు చుట్లు ఎక్కి పట్టినట్టే అనిపిస్తుంది. ఆ పట్టు నమ్మి ఊపితే ప్లేట్లు గోడకే. అన్నీ ఒకే దేశంలో కొనాలి.

ఈ టీ పిడితో క్లీన్, స్నాచ్, గోబ్లెట్ స్క్వాట్ చేయకండి. ప్లేటు అంచు ముంజేతి మీద, ఛాతీ మీద పడుతుంది.

షాపులో ఎలా చెప్పాలి?

నోటిమాటగా చెప్పకండి. ఒక్కో భాగానికి ఒక్కో కాగితం, మి.మీ.లలో కొలతలు, పదార్థం, ఎన్ని కావాలి, ఇంతే. లేజర్ కటింగ్ యూనిట్‌కు డీఎక్స్‌ఎఫ్ ఫైలు (కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్) ఇస్తే ఇంకా తేలిక. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, విజయవాడలో, విశాఖలో ఆటోనగర్ల చుట్టుపక్కల ఇలాంటి పని చేసేవాళ్లు ఉంటారు. బోల్టులు, పిన్నులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో విడిగా దొరుకుతాయి. 25 మి.మీ., 20 మి.మీ. పలకలు పెద్ద షీటు నుంచి కోయాలంటే చిన్న షాపులు విసుక్కుంటాయి. "మిగులు ముక్కల్లో ఏమైనా ఉందా" అని అడగండి. ఆ ముక్కలు దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది. పై పలకకు మర కొట్టించేటప్పుడు మీ బోల్టు వెంట తీసుకెళ్లి అక్కడే ఎక్కించి చూడండి.

కొన్నదానికన్నా చవకా?

ఒక్కటే చేయిస్తే పెద్దగా తేడా ఉండదు, కొన్నిసార్లు ఎక్కువే అవుతుంది. నలుగురు స్నేహితులు కలిసి ఒకేసారి డిస్కులు కోయిస్తే గిట్టుబాటు. తర్వాత ఇంకో డిస్కు కావాలంటే అదే కొలతకు కోయించుకోవచ్చు, ఏ కంపెనీ మీదా ఆధారపడక్కర్లేదు. నాకు ఇందులో నచ్చేది అదే.

మొదటిసారి వాడే ముందు ఏం పరీక్షించాలి?

24 కిలోలు బిగించి, బలమైన దూలానికి తాడుతో పిడిని వేలాడదీసి, దాని మీద ఇంకో యాభై కిలోల బియ్యం బస్తా వేలాడదీయండి. స్వింగ్‌లో వచ్చే లాగుడు కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. పది నిమిషాలు ఉంచి వెల్డ్ అంచుల్లో సన్నటి గీత ఏమైనా వచ్చిందేమో చూడండి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో వెల్డ్ చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, సుద్దపొడి రాస్తే పగులు ఉన్న చోట తడి గీత తేలుతుంది. తర్వాత ఇసుక మీదో తోటలోనో రెండు చేతుల స్వింగ్, ఎదురుగా ఎవరూ లేకుండా. ఇరవై ఊపుల తర్వాత బోల్టు గీత సరిచూసుకోండి. వెల్డ్‌ను నెలకోసారి చూస్తే సరిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నేల సంగతి?

24 కిలోలు మీటరు ఎత్తు నుంచి పడితే విట్రిఫైడ్ టైల్ పగలడం ఖాయం, కింది ఫ్లాట్‌వాళ్లు పైకి రావడమూ ఖాయం. 15, 20 మి.మీ. రబ్బరు మ్యాట్ వేసుకోండి, దాని కింద ప్లైవుడ్ ముక్క ఉంటే ఇంకా మంచిది. అడుగున ఉన్న రబ్బరు రింగు నెమ్మదిగా దించడానికే గానీ పడేయడానికి కాదు.

మా ఇంట్లో ఇద్దరం వాడతాం. నేను 20, తను 12. ఇది కుదురుతుందా?

ఒకరి తర్వాత ఒకరు వేర్వేరు వేళల్లో చేస్తే కుదురుతుంది. ఇద్దరూ పక్కపక్కనే చేస్తే ప్రతి సెట్టుకూ బోల్టు విప్పలేరు, నాలుగో రోజుకు సగం బిగించి వదిలేయడం మొదలవుతుంది. అలాంటి ఇంట్లో 12 కిలోలది ఒకటి కొనేసి, దీన్ని 16 నుంచి పైబరువులకు ఉంచుకోండి.